గదిలో పాసైన టాబ్లెట్ హ్యాంగర్‌లో ఎందుకు మూలపడింది?

విమానాల మరమ్మతు పనికి టాబ్లెట్ కంప్యూటర్లు పెట్టి చూసిన మీరు అడిగారు కదా: పరీక్షలో టెక్నీషియన్లందరూ టాస్క్ కార్డును (చేయాల్సిన పనుల పట్టికను) టాబ్లెట్‌లో చక్కగా నింపారు, హ్యాంగర్‌లోకి (విమానాలను మరమ్మతు చేసే పెద్ద షెడ్డులోకి) వెళ్లాక మళ్లీ కాగితం ప్రింట్లే పట్టుకుంటున్నారు, ఎందుకు అని. తప్పు వాళ్లది కాదండీ, పరీక్ష పెట్టిన చోటుది. ఏసీ గదిలో కుర్చీలో కూర్చుంటే ఎవరైనా నింపుతారు.

అదే పనిని నైట్ షిఫ్ట్‌లో, గ్లవ్స్‌తో, ల్యాండింగ్ గేర్ (విమానం చక్రాలు) ఉండే గూటిలో దూరి చేయమనండి. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో రెంచి ఉన్నప్పుడు టాబ్లెట్ ఎక్కడ పెడుతున్నారో చూడండి. మా దగ్గర అసలు చిక్కు అక్కడే బయటపడింది: స్క్రీన్‌తో పేచీ లేదు, దాన్ని ఆనించే చోటే లేదు. టాబ్లెట్‌ను తాడుతో మెడలో వేలాడదీసి చూశాం. నిచ్చెన మీద ఊగుతుంటే అదో టెన్షన్!

మీరు పక్కనుండి సాయం చేయకండి. గ్లవ్స్ ఎన్నిసార్లు విప్పారో, ఎన్నిసార్లు తప్పు బటన్ తగిలిందో రాసుకోండి చాలు. 1990ల్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా మెరైన్ల వాహనాల తనిఖీకి చేసిన వ్యూమ్యాన్ 3 అనే, ఒంటికి తగిలించుకునే కంప్యూటర్‌లో కీబోర్డే లేదు, తిప్పే డయల్ పెట్టారు. మీ సాఫ్ట్‌వేర్‌లో కనీసం బటన్లయినా పెద్దవి చేయించండి.

ఎండలో, విమానాలు ఆగే ర్యాంప్ మీద కూడా ఒక రౌండ్ వేయండి. ఇంధన ట్యాంకు పనులను మాత్రం వదిలేయండి; మామూలు టాబ్లెట్ అందులోకి తీసుకెళ్లకూడదు.