జర్మనీలో పోస్ట్‌డాక్: నూటయాభై మెయిళ్ళు, రెండు జవాబులు

ప్రశ్న: అన్నా, హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేశాను, వైవా ఇంకా కాలేదు. జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కోసం నూటయాభై మంది ప్రొఫెసర్లకి మెయిల్ పెడితే ఇద్దరే పలికారు, అదీ లేదని చెప్పడానికి. సోషియాలజీ చేసిన నా ఫ్రెండ్‌కీ ఇదే తిప్పలు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నూటయాభై పెట్టడమే తప్పమ్మా. నేనూ అదే చేసి వచ్చినవాణ్ణే. ప్రొఫెసర్ పేరు ఒక ఫాంటులో, మిగతా ఉత్తరమంతా ఇంకో ఫాంటులో! అతికించిన సంగతి చూడగానే తెలిసిపోయేది. ఒక మేడమ్‌కి 'రెస్పెక్టెడ్ సర్' అని కూడా పెట్టాను. ఆవిడ జవాబివ్వలేదు, పాపం మంచిదే చేసింది.

పదిమందిని ఎంచుకో. ఒక్కొక్కరికీ ఒక సాయంత్రం ఇవ్వు. వాళ్ళ కొత్త పేపరొకటి చదివి, అందులో నీ చేత్తో అయ్యే పనేమిటో నాలుగు వాక్యాల్లో రాయి. కష్టపడి పనిచేస్తానని చెప్పక్కర్లేదు, అందరూ చెప్పేదే. ఏ రియాక్షన్ నువ్వు సొంతంగా నిలబెట్టావో చెప్పు.

ఇక అసలు సంగతి డబ్బు. నువ్వు నచ్చినా ప్రాజెక్టులో నిధుల్లేకపోతే ప్రొఫెసర్ చేసేదేం లేదు. అందుకే అదే మెయిల్లో 'హంబోల్ట్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తాను, హోస్ట్‌గా ఉంటారా' అని అడుగు. అది జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్, హోస్ట్ అంటే తన దగ్గర పనిచేయించుకునే ప్రొఫెసర్. పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ళలోపు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఏ దేశమైనా, ఏ సబ్జెక్టైనా. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా ఇస్తారు.

యూరోపియన్ యూనియన్‌వాళ్ళ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి దరఖాస్తు గడువు ఏటా సెప్టెంబర్‌లో ముగుస్తుంది. 2025లో దరఖాస్తులు 17 వేలు దాటాయి, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. అందులో ఒక మెలిక ఉంది: గడువుకి ముందు మూడేళ్ళలో పన్నెండు నెలలకు మించి జర్మనీలో ఉన్నవాళ్ళు జర్మనీకే పెట్టుకోలేరు. ముందు వచ్చేసి తర్వాత చూద్దామనుకున్న మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు.

ప్రాజెక్టు ఉద్యోగమే దొరికితే జీతం సాధారణంగా ఇ13 (E13) అనే జర్మన్ ప్రభుత్వరంగ స్కేల్లో ఉంటుంది. ఆ స్కేల్లో మెట్లుంటాయి, వాటిని స్టూఫె అంటారు. పాత అనుభవం లెక్కేస్తే పై మెట్టులో చేరొచ్చు. సంతకం పెట్టకముందే మీ గైడ్ దగ్గర అనుభవ పత్రం రాయించుకుని హెచ్‌ఆర్‌కి పంపు. చేరాక అడిగితే వినడం కష్టం. నేను అడగలేదు, ఆ తేడా ఎంతో మా ఆవిడ ఇప్పటికీ లెక్కేసి చెబుతుంది.

సోషియాలజీ చేసిన నీ ఫ్రెండ్‌కి దారి వేరు. అక్కడ ల్యాబులూ అడిగిందే తడవు ఖాళీలూ ఉండవు, నోటిఫికేషన్ పడాల్సిందే. హెచ్-జోజ్-కుల్ట్ (H-Soz-Kult), యూరాక్సెస్ (EURAXESS) అనే ఉద్యోగ ప్రకటనల సైట్లు వారానికోసారి చూడమను. గ్యోటింగెన్‌లోని ఆధునిక భారత అధ్యయన కేంద్రం, హైడెల్‌బర్గ్‌లోని దక్షిణాసియా సంస్థ పేజీలు కూడా. తెలుగులో ఫీల్డ్‌వర్క్ చేయగలనని సీవీలో పైనే రాయమను, మనవాళ్ళు దాన్ని అడుగున హాబీల పక్కన పెడతారు.

నువ్వు మాత్రం ముందు వైవా సంగతి చూడు. మేరీ క్యూరీకి గడువు నాటికి వైవా అయిపోయి ఉండాలి, పట్టా చేతికి రాకపోయినా ఫర్వాలేదు. రేపే మీ గైడ్‌ని కలిసి తేదీ అడుగు.