ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి జరిగే ముందస్తు ఓటింగ్‌లో) ఎక్కువ ఓట్లు వస్తే అమెరికాలో అధ్యక్ష పోటీకి పార్టీ టికెట్ ఖాయమేనా? డెలిగేట్లు అంటే అసలు ఎవరు?

ఖాయమేమీ కాదు. మన దగ్గర హైకమాండ్ బీ-ఫారం ఇస్తే టికెట్ వచ్చినట్టు. అక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది పార్టీ జాతీయ కన్వెన్షన్‌లో (మహాసభలో) కూర్చున్న కొన్ని వేల మంది డెలిగేట్లు. జనం వేసే ఓటు ఈ డెలిగేట్లను తెస్తుంది, అంతే. ఎన్ని ఓట్లకి ఎందరు డెలిగేట్లు అనేది పార్టీ రాసుకున్న రూల్‌ని బట్టి ఉంటుంది. అసలు ఆట అంతా అక్కడే ఉందని నాకు అయోవా రాష్ట్రంలో ఉన్నప్పుడు అర్థమైంది.

2020 ఫిబ్రవరి 3 రాత్రి, డెమోయిన్ శివార్లలో ఒక స్కూల్ జిమ్‌లో డెమొక్రటిక్ పార్టీ కాకస్, అంటే ప్రైమరీకి బదులు జనం ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశం. అప్పట్లో బ్యాలెట్ బాక్స్ ఉండేది కాదు. నచ్చిన అభ్యర్థి పేరు రాసిన మూలకి వెళ్ళి నిలబడటమే. మేం కొంతమంది ఆండ్రూ యాంగ్ మూలన నిలబడ్డాం, అందులో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. తలలు లెక్కపెట్టారు. 15 శాతం దాటలేదు. దాటకపోతే ఆ గుంపు లేనట్టే. వేరే గుంపులో చేరాలి, లేకపోతే ఇంటికి పోవాలి. దాటినవాళ్ళు మాత్రం కదలడానికి వీల్లేదు. ఆ పది నిమిషాలు చూడాలి, అందరూ మా చుట్టూ చేరి బతిమాలడమే! అప్పటిదాకా పలకరించని పక్కింటాయన కూడా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చివరికి యాంగ్‌కి అయోవా నుంచి ఒక్క జాతీయ డెలిగేట్ కూడా రాలేదు.

ఆ రాత్రి ఫలితాలు పంపే యాప్ మొరాయించిన సంగతి ప్రపంచమంతా చూసింది. కానీ నన్ను ఆలోచనలో పడేసింది వేరే విషయం. మొదటి లెక్కలోనూ, గుంపులు మారాక తీసిన లెక్కలోనూ రాష్ట్రం మొత్తం మీద ఎక్కువ మంది నిలబడింది బెర్నీ శాండర్స్ వైపు. డెలిగేట్లు మాత్రం పీట్ బుటిజజ్‌కి 14, శాండర్స్‌కి 12. కారణం సింపుల్. ఏ ప్రిసింక్ట్‌కి (మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది) ఎంతమంది డెలిగేట్లో ముందే ఖరారు చేస్తారు. ఆ రాత్రి జనం రెట్టింపు వచ్చినా ఆ సంఖ్య పెరగదు. శాండర్స్ బలం యూనివర్సిటీ ఊళ్ళలో పోగుపడి ఉంది, బుటిజజ్ బలం పల్లె ప్రాంతాల దాకా పరుచుకుని ఉంది.

ఆ 15 శాతం గీత డెమొక్రాట్లది. రిపబ్లికన్లు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో వేరే రూల్ పెట్టుకోవచ్చు. 2024 అయోవా కాకస్‌లో వివేక్ రామస్వామికి వచ్చింది 8 శాతం లోపే. అయినా అక్కడ రిపబ్లికన్లకి కనీస శాతం అనేది లేదు కాబట్టి 40లో 3 డెలిగేట్లు వచ్చాయి. అదే వేరే రాష్ట్రానికి వెళ్తే కథ తలకిందులు. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కి పడ్డవి మూడో వంతు ఓట్లు, వచ్చినవి మొత్తం 50కి 50 డెలిగేట్లు. మిగతా ఓట్లు ఐదుగురు పంచుకున్నారు, చేతికి ఏమీ రాలేదు. డెమొక్రాట్ల రూల్ ప్రకారం పంచి ఉంటే ఆ ఏడాది పోటీ ఇంకా చాలా దూరం లాగేదని నా అభిప్రాయం.

రూల్‌ని చదివి గెలిచినవాళ్ళలో నా దృష్టిలో మొదటి పేరు ఒబామా టీమ్‌దే. 2008 ఫిబ్రవరి 5న న్యూజెర్సీలో హిల్లరీ క్లింటన్ లక్షకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. డెలిగేట్లలో లాభం 11 (59-48). అదే రోజు ఐడహో కాకస్‌కి వచ్చిన జనమంతా కలిపి సుమారు 21 వేలు. అక్కడ ఒబామా 15-3తో ఊడ్చేసి 12 లాభం చేసుకున్నారు. నలుగురు డెలిగేట్లున్న జిల్లాలో (మన నియోజకవర్గం లాంటిది) 60-40తో గెలిచినా చెరి ఇద్దరే. 3-1 కావాలంటే 62.5 శాతం దాటాలి. ముగ్గురున్న జిల్లాలో మాత్రం ఒక్క ఓటు ఎక్కువొచ్చినా 2-1. ఇక డబ్బు, మనుషులు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి పెద్ద వ్యూహకర్తలు అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: డెలిగేట్ ఎవరు? మా జిమ్‌లో లెక్క తేలగానే జనం కోట్లు తగిలించుకుని బయటపడ్డారు. మరుసటి మెట్టు కౌంటీ (రాష్ట్రంలో ఒక చిన్న పాలనా ప్రాంతం) కన్వెన్షన్‌కి ఎవరు వెళ్తారని అడిగేసరికి సగం జిమ్ ఖాళీ. ఉన్నవాళ్ళలో చెయ్యెత్తినవాళ్ళే డెలిగేట్లు. ఇది చిన్న విషయం కాదు. 2012లో అయోవా రిపబ్లికన్ కాకస్‌లో రాన్ పాల్‌ది మూడో స్థానం. కానీ ఆయన మనుషులు కౌంటీ, జిల్లా, రాష్ట్ర కన్వెన్షన్లు ఒక్కటీ వదలకుండా కూర్చున్నారు. చివరికి టాంపాలో జరిగిన జాతీయ కన్వెన్షన్‌కి వెళ్ళిన 28 మందిలో 22 మంది ఆయనవాళ్ళే! పార్టీ పెద్దలకి ఒళ్ళు మండింది. కాకస్‌లో వచ్చిన ఓట్లకి డెలిగేట్లు కట్టుబడి ఉండాలని రూల్ తెచ్చారు. కనీసం ఎనిమిది రాష్ట్రాల డెలిగేట్లలో మెజారిటీ లేనివాళ్ళ పేరు నామినేషన్‌కే రాకుండా ఇంకో గీత కూడా గీశారు.

డెమొక్రాట్ల దగ్గర పార్టీ నాయకులే ఓటు హక్కుతో వచ్చే సూపర్ డెలిగేట్ల పద్ధతి ఉంది. 2016లో గొడవయ్యాక, 2018లో కన్వెన్షన్‌లో పోటీ ఉంటే జరిగే మొదటి రౌండ్ ఓటింగ్‌లో వాళ్ళకి ఓటు లేకుండా చేశారు. మామూలు డెలిగేట్లు కూడా బంట్రోతులేం కాదు. తమను పంపినవాళ్ళ మనసును మనస్సాక్షితో చూపించాలని మాత్రమే రూల్ చెబుతుంది. 2024 జూలై 21న బైడెన్ తప్పుకోగానే ఆయనకోసం ఎన్నికైన దాదాపు 3,900 మంది డెలిగేట్లకి అభ్యర్థే లేకుండా పోయాడు. ఆగస్టు మొదటి వారానికల్లా ఆన్‌లైన్‌లోనే ఓటేసి కమలా హారిస్‌ని నిలబెట్టారు. ఆ ఏడాది ఏ ప్రైమరీలోనూ అధ్యక్ష అభ్యర్థిగా ఆమె పేరు లేదు.

మీ బావగారు టెక్సస్‌లో ఉన్నారని, కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిందని రాశారు కదా. అక్కడ 2008లో ప్రైమరీ ఓట్లలో హిల్లరీ గెలిచారు, అదే రాత్రి జరిగిన కాకస్‌లు కలిపితే డెలిగేట్లు ఒబామాకి ఎక్కువ. తర్వాత ఆ రెండంచెల పద్ధతి తీసేశారు. అయితే ప్రిసింక్ట్ కన్వెన్షన్లు మాత్రం ఉన్నాయి. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాది ఆ పార్టీ కన్వెన్షన్‌కే వెళ్ళగలరు. ఆయనకి ఆసక్తి ఉంటే ఓటేసిన రోజే కన్వెన్షన్ తేదీ కనుక్కోమనండి. జనం తక్కువగా వస్తారు కాబట్టి కొత్తవాళ్ళకి కూడా పై మెట్టుకి వెళ్ళే చాన్స్ బాగానే ఉంటుంది.