ఆ ఎన్‌ఎంఆర్‌లో హీలియం చివరిసారి ఎప్పుడు పోశారు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాలుగెకరాల్లో రొయ్యల చెరువు చేస్తున్నాను. మా అమ్మాయి భీమవరంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. హైదరాబాద్ ఐఐసీటీ (కేంద్రం నడిపే కెమిస్ట్రీ పరిశోధన సంస్థ) లాంటి చోట రీసెర్చ్ చేయాలని దాని కోరిక. ఎమ్మెస్సీకి ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి, ఎన్‌ఎంఆర్, ఎల్‌సీ-ఎంఎస్ అన్నీ తమ దగ్గర ఉన్నాయని బ్రోచర్ ఇచ్చి వెళ్లారు. ఫీజు ఏడాదికి లక్షన్నర పైమాటే. ఇక్కడి గవర్నమెంటు కాలేజీలో ఆ మిషన్లు లేవంట. అవి లేనిచోట చదివితే పిల్ల వెనకబడిపోతుందా? అప్పు చేసైనా చేర్పించమంటారా?

జవాబు: అప్పు మాట కాసేపు పక్కన పెట్టండి. ముందు మీరూ అమ్మాయీ ఆ యూనివర్సిటీకి ఒకసారి వెళ్లిరండి. వాళ్లు రమ్మన్న రోజున వద్దు, క్లాసులు జరిగే మామూలు రోజు చూసుకుని వెళ్లండి. ఎన్‌ఎంఆర్ గది ఎక్కడని అడగండి.

ఎన్‌ఎంఆర్ అంటే ఒక పదార్థంలో అణువు నిర్మాణం ఎలా ఉందో గ్రాఫ్‌గా చూపించే మిషన్. చూడ్డానికి నిలువెత్తు స్టీలు పీపాలా ఉంటుంది. లోపల చాలా బలమైన అయస్కాంతం. దాని తీగచుట్ట ఎప్పుడూ మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. ఆ హీలియం తొందరగా ఆవిరైపోకుండా చుట్టూ ఇంకో తొడుగులో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోస్తారు. నైట్రోజన్ అయితే వారం పదిరోజులకోసారి, హీలియం కొన్ని నెలలకోసారి నింపుతూనే ఉండాలి. హీలియం మనకి విదేశాల నుంచే వస్తుంది, ఖరీదూ ఎక్కువే. డబ్బుల్లేవని ఆపేస్తే అయస్కాంతం శక్తి పోతుంది. ఇక ఆ గదిలో మిగిలేది పీపా, తలుపు మీద బోర్డు, బ్రోచర్లో ఫొటో. అందుకే హీలియం చివరిసారి ఎప్పుడు పోశారని అడగమంటున్నాను. రోజూ మిషన్ నడిపే ఆపరేటరైతే తడుముకోకుండా చెప్తాడు. (హీలియం అక్కర్లేని చిన్న ఎన్‌ఎంఆర్‌లు, టేబుల్ మీద పెట్టుకునేవి ఈమధ్య వచ్చాయి. వాళ్ల దగ్గర ఉన్నది అదే అయితే తప్పేం లేదు, ఆ సంగతి చెప్పాలి అంతే.)

తర్వాత లాగ్‌బుక్ చూపించమనండి. ప్రతి మిషన్ పక్కనా ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. ఏ తేదీన ఎవరు ఏ శాంపిల్ పెట్టారో రాసి సంతకం చేస్తారు. పోయిన నెల పేజీల్లో ఎమ్మెస్సీ పిల్లల పేర్లు కనపడితే మీ ఫీజుకి అర్థం ఉంది. అన్నీ పీహెచ్‌డీ వాళ్లవీ లెక్చరర్లవీ అయితే, మీ అమ్మాయి ఆ మిషన్‌ని అద్దం అవతల నుంచి చూసి వస్తుంది.

ఇంకొకటి ఎవరూ అడగరు. ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, విషవాయువుల్ని బయటికి లాగే అద్దాల అలమరా. స్విచ్ వేయించి, అద్దం కింది సందు దగ్గర చిన్న టిష్యూ కాగితం పట్టుకోమనండి. కాగితం లోపలికి లాక్కుంటే సరే. కదలకుండా వేలాడిందా, ఎన్‌ఎంఆర్ ఉన్నా లేకపోయినా ఆ ల్యాబ్‌కి పిల్లని పంపొద్దంటాను.

ఇక వెనకబడటం గురించి. ఐఐసీటీ లాంటి సంస్థల్లో కూడా ఎన్‌ఎంఆర్, మాస్, ఎక్స్-రే లాంటి పెద్ద పరికరాలు అందరికీ ఉమ్మడి. ఎక్కువసార్లు స్కాలర్ శాంపిల్‌కి చీటీ కట్టి ఇస్తాడు, ఆపరేటర్ నడుపుతాడు. శాంపిల్‌ని శుద్ధంగా తయారుచేయడం, వచ్చిన గ్రాఫ్ చదవడం, ఈ రెండే స్కాలర్ చేతిలో ఉండేవి. మీకు తెలియంది కాదు. చెరువు పీహెచ్ తెల్లారుజామున తక్కువ, మధ్యాహ్నానికి ఎక్కువ. ఎప్పుడు తీశారో రాయకుండా సీసా పంపితే ఎంత మంచి ల్యాబైనా ఏం చెప్తుంది?

నా సంగతే చెప్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తొమ్మిది రోజులు వరసలో ఆగి ఎన్‌ఎంఆర్ తీయించుకున్నాను. గ్రాఫ్‌లో 1.26, 2.05, 4.12 దగ్గర మూడు పెద్ద పీకులు. ఏదో కొత్తది దొరికిందని ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి మా సీనియర్ చూసి నవ్వాడు. అవి ఇథైల్ ఎసిటేట్‌వి, పదార్థాన్ని కరిగించడానికి నేను వాడిన సాల్వెంట్ అది. నేను శాంపిల్ సరిగ్గా ఆరబెట్టలేదు, అందులో మిగిలిన సాల్వెంట్‌ని తొమ్మిది రోజులు ఆగి ఫొటో తీయించుకున్నానన్నమాట!

ఈ చేతిపని నేర్చుకోడానికి మీ దగ్గర కాలేజీ చాలు. 1895లో ఆ భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్, దాంతోపాటు ఒక రిడ్యూసింగ్ ఏజెంట్ (క్షయకరణి) కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదురైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దానికి కావలసింది రంగు కొలిచే కలరీమీటర్. అమ్మాయి కాలేజీ ల్యాబ్‌లో అది ఉండే ఉంటుంది. మీ చెరువు నీళ్లే ఒక సీసా పట్టుకెళ్లి, వడగట్టి, ఫాస్ఫేట్ ఎంతుందో తేల్చమనండి. ముందు తెలిసిన మోతాదుల్లో ఐదు ద్రావణాలు చేసి గ్రాఫ్ గీయాలి. ఐదు చుక్కలూ ఒక గీత మీద పడేదాకా మళ్లీ మళ్లీ చేయమనండి. నెల రోజులు పట్టినా ఫర్వాలేదు.

మిషన్ అవసరం ఎప్పుడోకప్పుడు వస్తుంది, కాదనను. దానికి ఐ-స్టెమ్ అని కేంద్రం పోర్టల్ ఉంది. ప్రభుత్వ సంస్థల్లో ఏ పరికరం ఎక్కడుందో చూసి, రుసుము కట్టి బుక్ చేసుకోవచ్చు, గైడ్ ద్వారా అయితే సులువు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ వస్తే రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లోనే పనిచేయొచ్చు.

ఐఐసీటీలో పీహెచ్‌డీకి ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోవడం మంచి దారి. ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. పరీక్షలో అడిగేది కెమిస్ట్రీ, ఏ కాలేజీలో ఏ మిషన్ ఉందో అడగరు. ఎమ్మెస్సీకి ఐఐటీల కోసం జామ్ పరీక్ష, ఆంధ్రా యూనివర్సిటీ, నన్నయ యూనివర్సిటీల కోసం ఏపీ పీజీసెట్, రెండూ రాయించండి. జామ్‌ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది గానీ దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అయిపోతాయి. రొయ్యల పట్టుబడి హడావిడిలో ఆ తేదీ దాటనివ్వకండి.