దీపం పది నిమిషాలకే కొండెక్కుతోంటే ముందు వత్తి చూడండి

మీరు అడిగింది ఇదీ: పెళ్ళయి ఆరు నెలలైంది, అత్తగారింట్లో దీపం గంటకు పైగా నిలుస్తుంది, మీ ఫ్లాట్‌లో మాత్రం పది నిమిషాలకే కొండెక్కుతోంది. మీవారేమో శకునం బాగాలేదని దిగులు పడుతున్నారు, మీరేమో పూజలో లోపం జరిగిందని భయపడుతున్నారు. ఇద్దరూ దిగులు పక్కన పెట్టండి. దీపం కొండెక్కిందంటే నూనె వత్తి కొసకు చేరలేదనో, గాలి తగిలిందనో అర్థం. అంతకు మించి ఏమీ కాదు. ఏది కారణమో కనిపెట్టడం కూడా కష్టం కాదు.

రేపు దీపం కొండెక్కగానే కుందిని కడిగెయ్యకుండా వత్తి కొసను దగ్గర నుంచి చూడండి. కొస ఎండిపోయి బొగ్గులా ఉండి, కుందిలో నూనె సగం మిగిలే ఉంటే నూనె పైకి ఎక్కట్లేదు. కొస తడిసి ముద్దయి నూనెలో మునిగి ఉంటే వత్తి జారిపోయింది. కొస బాగానే ఉండి, నూనె సరిపడా ఉండి కూడా ఆగిపోయిందంటే గాలి. పైన ఫ్యానో, కిటికీ సందో, ఏసీ గాలో చూసుకోండి. అగరొత్తి వెలిగించి దీపం పెట్టే చోట పట్టుకుంటే పొగ ఎటు వంగుతుందో తెలిసిపోతుంది.

ఎక్కువ ఇళ్ళలో తప్పు మొదటిదే, అంటే వత్తిదే. దుకాణంలో వంద వత్తుల పొట్లం కొంటే అందులో కొన్ని తాడులా గట్టిగా పేనినవి ఉంటాయి, కొన్నిటిలో దూదితో పాటు పాలిస్టర్ పోగు కలిసి ఉంటుంది. ఒక పొడి వత్తిని పళ్ళెంలో పెట్టి కాల్చి చూడండి. అసలు దూదైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడయ్యే మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా గడ్డకడుతుంది. వెలుగుతున్న దీపంలోనూ అదే జరుగుతుంది. కొసన ఆ గడ్డ కట్టగానే నూనెకు దారి మూసుకుపోతుంది.

అందుకే వత్తులు ఇంట్లోనే చేసుకోమంటాను. సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఇద్దరూ కలిసి చేస్తే గంటలో నెలకు సరిపడా అవుతాయి. గింజ తీసిన పత్తి దొరికితే అదే మేలు, దాని పోగు పొడుగు. మందుల షాపు దూది కూడా నూనె బాగానే పీలుస్తుంది కానీ పోగులు పొట్టిగా ఉండి వత్తి తొందరగా విడిపోతుంది. నాలుగు అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు దూది పొర తీసుకుని, నలకలు ఏరేసి, వేళ్ళతో పల్చగా విప్పండి. గడ్డలు ఉన్నచోట వత్తి లావెక్కుతుంది. వేళ్ళకు కాస్త విభూతి రాసుకుంటే దూది జారదు. అరచేతిలో పెట్టి రెండో అరచేత్తో ఒకే వైపుకు తోయండి, ముందుకూ వెనక్కూ రుద్దవద్దు. అగ్గిపుల్లకంటే సన్నగా రావాలి. పట్టుకుంటే నిలబడాలి, నొక్కితే మెత్తగా ఉండాలి, అదీ కొలత. మరీ బిగిస్తే పోగుల మధ్య సందు పోయి నూనె ఎక్కదు, మరీ వదులైతే ఎక్కువ నూనె లాగి పెద్ద మంటతో మసి పెడుతుంది.

ఇలాంటివి రెండు పక్కపక్కన పెట్టి కలిపి పేనండి. ఇక్కడే ఒక చిన్న కిటుకు ఉంది. విడివిడిగా చేసేటప్పుడు కుడివైపు తిప్పితే, కలిపేటప్పుడు ఎడమవైపు తిప్పాలి. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోకుండా ఉంటాయి. ఒకే వైపు తిప్పితే చెయ్యి తీయగానే విచ్చుకుంటాయి. ఒంటి వత్తి వెలిగించకూడదని పెద్దవాళ్ళు అంటారు కదా, దానికి పనిపరమైన బలం కూడా ఉంది. రెండు పోగుల మధ్య ఏర్పడే సన్నటి గాడి వెంట నూనె బాగా పాకుతుంది, వత్తి కూడా కుంది ముక్కు దగ్గర వాలిపోదు. దీపారాధన శ్లోకంలో ‘సాజ్యం త్రివర్తి సంయుక్తం’ అని మూడు వత్తుల మాట ఉంది. ఆజ్యమంటే నెయ్యి. మీ అత్తగారింట్లో రెండు వేస్తే రెండు, మూడు వేస్తే మూడు వేయండి. ఆ ఇంటి అలవాటు మీ ఇంటికి రావడం కూడా సంతోషమే కదా.

ఇక వెలిగించే తీరు. ముందు నూనె పోసి తర్వాత వత్తి వేయాలన్న మాట వినే ఉంటారు. అది పాటించండి. పొడి వత్తి పెట్టి పైన నూనె పోస్తే కొస పొడిగానే ఉండిపోయి, వెలిగించగానే దూదే కాలుతుంది. నూనెలో వత్తిని పూర్తిగా పొర్లించి, తడిసిన కొసను కుంది ముక్కు మీదికి లాగండి. బయట కనిపించేది బియ్యపు గింజంత ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువ ఉంటే మసి, తక్కువ ఉంటే జారి నూనెలో పడుతుంది. అడుగున కనీసం రెండు అంగుళాల వత్తి నూనెలో పడుకుని ఉండాలి. నూనె కుందిలో ముప్పాతిక వరకు పోయండి. నూనె మట్టం మంటకు ఎంత దిగువకు పోతే అంత నెమ్మదిగా ఎక్కుతుంది. లోతైన కుందిలో రెండు చెంచాలు పోసి గంట వెలగాలంటే అందుకే కుదరదు. మామూలు వత్తి గంటకు సుమారు ఒక టీ చెంచాడు నూనె తాగుతుందని లెక్క పెట్టుకోండి, లావు వత్తైతే ఇంకా ఎక్కువ. నూనె తక్కువ పోయాలనుకుంటే కుంది మార్చి, వెడల్పుగా లోతు తక్కువ ఉన్నది తీసుకోండి.

అగ్గిపుల్లతో నేరుగా అంటించకుండా ఏకహారతితోనో అగరొత్తితోనో అంటిస్తే పుల్ల తలమీది మందు రాలి నూనెలో పడదు. అరగంటకోసారి వత్తి కొసన కట్టిన నల్లటి నుసిని ఇత్తడి పుల్లతో దులిపి, వత్తిని కాస్త ఎగదోయండి. నుసి చిన్న మొగ్గలా కట్టడాన్ని కొందరు దీపం పువ్వు పూసిందని మురుస్తారు. మురిసిపోండి, కానీ తర్వాత దులిపెయ్యండి, లేకపోతే ఆ పువ్వే దీపాన్ని కొండెక్కిస్తుంది.

నూనె సంగతి. రోజూ వాడకానికి నువ్వుల నూనెను మించింది లేదు. మన చలికి గడ్డకట్టదు, మంట నిలకడగా ఉంటుంది. ఆముదం చిక్కన, నెమ్మదిగా ఎక్కుతుంది, సన్న వత్తితో వాడితే దీపం నీరసంగా ఉంటుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. ఆవునెయ్యి పుష్యమాసపు తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. మంట చుట్టూ ఉన్న కాస్త నెయ్యి కరిగి అయిపోగానే వత్తి ఎండుతుంది. కరిగించి పోసినా చల్లటి కుందిలో మళ్ళీ పేరుకుంటుంది, కాబట్టి కుందిని కూడా కాసేపు వేడినీళ్ళలో పెట్టి, తుడిచి, అప్పుడు పోయండి. దీపారాధన నూనె అని అమ్మే సీసాలు కొనేముందు వెనక లేబుల్ చదవండి. వంటకు పనికిరాదని రాసి ఉన్నదాన్ని వంటగదిలో నువ్వుల నూనె పక్కన పెట్టవద్దు, ఏదో ఒక పండగనాడు పొరపాటున పులిహోర పోపులో పడుతుంది. దాన్ని దేవుడి గూట్లోనే ఉంచండి.

మీరిద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళైతే నేతి పువ్వొత్తులు చేసి పెట్టుకోండి. దూదిని రూపాయి బిళ్ళంత గుండ్రంగా పరిచి, మధ్యలో పట్టుకుని పైకి లాగి, ఆ కొసను పేనితే పువ్వొత్తి. నెయ్యి గోరువెచ్చగా కరిగించి ఐస్ ట్రే గుంటల్లో పోసి, ఒక్కో గుంటలో ఒక పువ్వొత్తిని కొస పైకి ఉండేలా నిలబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. గంటకు బిళ్ళలవుతాయి. నెయ్యి మరీ వేడిగా ఉంటే పువ్వొత్తి నిలబడదు, ఒరిగిపోతుంది. ఎండాకాలమంతా ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పెడితే కరిగి డబ్బా అంతా జిడ్డు. హడావిడి పొద్దుల్లో ఒక బిళ్ళ తీసి ప్రమిదలో పెట్టి వెలిగించడమే. ఆ పని ఇంట్లో ఎవరు చేసినా దీపమే. మీకు ఆలస్యమైన రోజు మీవారు వెలిగిస్తే ఏ లోపమూ లేదు.

కుంది శుభ్రంగా లేకపోయినా దీపం నిలవదు. పాత నూనె వేడికి బంకలా మారి ముక్కు దగ్గర పేరుకుంటుంది, కొత్త వత్తి ఆ బంకకు అతుక్కుని నూనె లాగలేదు. చాలామంది ఇక్కడ నేరుగా చింతపండు వేసి రుద్దుతారు, కుంది మెరవదు, చేతులు నొప్పులు. పైన జిడ్డు ఉండగా పులుపు ఇత్తడికి తగలదు. ముందు కాగితంతో నూనె తుడిచెయ్యండి. తర్వాత మరిగిన నీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి కుందుల్ని పావుగంట నానబెట్టి, కుంకుడు రసంతోనో సబ్బుతోనో తోమండి. జిడ్డు పోయాక నిమ్మకాయంత చింతపండుకు చిటికెడు ఉప్పు కలిపి రుద్దితే రెండు నిమిషాల్లో బంగారంలా వస్తాయి. పీతాంబరి పొడి అయినా సరే, అదీ జిడ్డు తీశాకే. చివర్లో శుభ్రంగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉండిపోతే రాత్రికి మచ్చలు, నాలుగు రోజులకు పచ్చటి చిలుము. వెండి కుందులకు చింతపండు వద్దు, మెత్తటి గుడ్డతో విభూతి చాలు. మంగళ, శుక్రవారాల్లో కుందులు తోమకూడదనే ఇళ్ళు చాలా ఉన్నాయి. మీదీ అలాంటిదైతే సోమవారం, గురువారం సాయంత్రాలు తోమడానికి పెట్టుకోండి.

తుడిచిన నూనెను సింకులో పోయవద్దు, గొట్టం పూడుతుంది. తులసి కోటలోనూ పోయవద్దు, మట్టి ఊపిరాడక మొక్క వాడిపోతుంది. కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.

భద్రత విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. చెక్క పూజామందిరం ఫ్లాట్లలో ఇప్పుడు చాలామందికి ఉంది. మంట పైన కనీసం అడుగున్నర ఖాళీ లేకపోతే పై చెక్క ముందు నల్లబడుతుంది, తర్వాత మాడుతుంది. దీపాన్ని మందిరం లోపల కాకుండా ముందుకు, అంచున్న ఇత్తడి పళ్ళెంలో పెట్టండి. పటాలకు వేసిన పూలదండ సాయంత్రానికి ఎండి జారుతుంది, దాని కింద దీపం ఉండకూడదు. గాలి ఎక్కువైతే గాజు చిమ్నీ పెట్టవచ్చు, కానీ అడుగున గాలి వెళ్ళే రంధ్రాలు ఉన్నదే కొనండి, లేనిదైతే ఊపిరాడక దీపం పోతుంది. నూనె బాగా తగ్గిపోయి పాత వత్తి ముక్కలు కూడా అందులో ఉంటే ఒక్కోసారి కుందిలో నూనె అంతా ఒకేసారి అంటుకుంటుంది. అప్పుడు నీళ్ళు చల్లవద్దు, నూనె చిమ్మి మంట ఎగురుతుంది. స్టీలు గిన్నె బోర్లించండి, గాలి అందక ఆరిపోతుంది. ఆ గిన్నె ఎప్పుడూ పూజ దగ్గరే ఉంచుకోండి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్ళు పొగ అలారం కిందే పూజ పెట్టుకోవద్దు. బియ్యపు గింజంత కొస ఉన్న దీపం సాధారణంగా దాన్ని మోగించదు, మోగించేది కర్పూరం, అగరొత్తుల పొగే. అలారం బ్యాటరీ మాత్రం తీయకండి.

కార్తీకం వస్తే మట్టి ప్రమిదల పని పడుతుంది. కొత్త ప్రమిదలు నూనె తాగేస్తాయి కాబట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఆరబెట్టి వాడండి. అప్పుడూ కాస్త ఊరుతుంది, అందుకే కింద ఇంకో ప్రమిద పెట్టే అలవాటు నిజంగా పనికొచ్చేది. పౌర్ణమినాటి 365 వత్తుల కట్ట మీ ఇద్దరికీ మంచి కాలక్షేపం. ఒకరు సన్నగా దూది పోగు తీస్తుంటే ఇంకొకరు నాలుగు అంగుళాల అట్ట మీద చుట్టాలి. లెక్క తప్పకుండా ప్రతి యాభై చుట్లకు ఒక రంగు దారం ముక్క గుర్తుగా వదిలి, అయ్యాక తీసెయ్యండి. కట్ట లావుగా ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు నెయ్యి పోస్తే పైపైనే తడిసి లోపల పొడిగా ఉండిపోతుంది. కరిగిన నేతిలో ముందురోజు రాత్రే ముంచి, మధ్యమధ్యలో తిప్పుతూ నానబెట్టండి. మంట జానెడు ఎత్తు లేస్తుంది. గదిలో కాదు, బాల్కనీలో అయితే బట్టల తీగ ఖాళీ చేసి, పైట కొంగు నడుముకు చెక్కుకుని, వెడల్పాటి ప్రమిదలో వెలిగించండి.