ప్రార్థన మనవి ఊరంతా పాకింది, సంఘానికి ఎలా వెళ్ళను?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలకు వైట్ స్పాట్ రోగం తగిలి బాగా అప్పుల పాలయ్యాం. స్త్రీల కూటంలో ఏడ్చి, మా కోసం ప్రార్థన చేయమని అడిగాను. వారం తిరగకముందే మేము ఇల్లు అమ్ముతున్నామని ఊళ్ళో పుకారు. ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా తెలిసింది. అప్పటి నుంచి ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే చూస్తున్నాను. దేవుడు ఇంట్లోనూ ఉన్నాడు కదా, ఇది చాలదా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, కన్నీళ్ళతో చెప్పుకున్న మాటను బజారుకెక్కించడం పాపమే. "ప్రార్థన కోసమే చెప్పానండీ" అని సర్దుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ప్రార్థన కోసమైతే పక్కింటావిడకు చెప్పే పనేముంది?

అయినా ఫోన్ చాలదు. మంచం పట్టినవాళ్ళకు అది గొప్ప ఆదరణే. కానీ మీ మొహం వాడిపోయిందని ఫోన్‌కు తెలియదు. హెబ్రీ పత్రిక 10:24, 25 చదవండి. కూడుకోవడం మానొద్దని చెప్పిన చోటే, ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకోమని ఉంది. మన సంఘాల్లో మొదటిది గట్టిగా ప్రసంగిస్తారు, రెండోది వదిలేస్తారు. నాకు ఎంతో బాధ కలిగించే విషయమిది.

ఇక ఆ సహోదరి సంగతి. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. పాస్టరుగారికి చెప్పకముందే, మీ చెల్లెలికి ఫోన్ చేయకముందే. ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో మాత్రం వద్దు, అక్కడ అందరూ వింటారు. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికే వెళ్ళి, "అక్కా, ప్రార్థనకని చెప్పిన మాట బయటికొచ్చింది, మా ఆయన నలుగురిలోకి రాలేకపోతున్నాడు" అనండి. ఒప్పుకోకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళమని తర్వాతి వచనమే చెబుతోంది. ఒప్పుకుంటే మనసారా క్షమించండి. అలాగని ఇంటి గుట్టు మళ్ళీ ఆమెకే చెప్పాలని ఎక్కడా లేదు. నమ్మకం కుదరడానికి కాలం పడుతుంది.

కూటంలో "మా ఇంటి ఇబ్బంది కోసం ప్రార్థించండి" అంటే సరిపోతుంది. వివరాలు ఇద్దరికే చెప్పండి. ఎవరికంటారా? ఇతరుల ఇంటి సంగతులు మీ దగ్గర ఎన్నడూ ఎత్తనివాళ్ళకు.

ఇద్దరేనా అనుకోవద్దు. మా ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురే. 1867లో ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరం చెప్పుకుంటాం. నాకైతే చలిలో కొండెక్కిన ఆ ఐదుగురే ఎక్కువ గుర్తొస్తారు.

ఒకరి భారాలు ఒకరు మోయమన్న గలతీ 6:2 మీ అప్పుకూ వర్తిస్తుంది. సంఘంలో లెక్కలు తెలిసిన నమ్మకస్తుడు ఉంటే మీ ఆయనతో కూర్చోబెట్టండి. మేత బాకీ ఎంత, వడ్డీకి తెచ్చింది ఎంత, ముందు ఏది తీర్చాలి, అన్నీ కాగితం మీద రాయించండి. మీ ఆయన గుడికి రానంటే తొందరపెట్టకండి. సంఘపెద్దల్లో ఒకరిని గుంటల దగ్గరికే వెళ్ళి పలకరించి రమ్మనండి. ఆ రోజు బైబిలు తెరవకపోయినా పర్లేదు.