నింపింది నింపినట్టే తిరిగొస్తున్న వాటర్ బాటిల్

మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. రెండు నెలలుగా పొద్దున్నే యూనిఫాం వేస్తుంటే కడుపునొప్పి అంటూ మెలికలు తిరుగుతుంది. ఆదివారం ఏ నొప్పీ ఉండదు. డాక్టర్ చూసి భయపడాల్సిందేం లేదన్నారు. మావారేమో నాటకాలంటూ కేకలేస్తారు. నేను చూడలేక వారానికి ఒకట్రెండు రోజులు ఇంట్లోనే ఉంచేస్తున్నాను. ఏమైందని ఎంత అడిగినా ‘ఏం లేదు’ అంటుంది. ఆటల పీరియడంటే ప్రాణం పెట్టే పిల్ల, ఇప్పుడు ఓ పక్కన కూర్చుంటోందట. వాటర్ బాటిల్ కూడా నింపింది నింపినట్టే తెస్తుంది. ఇంటికి రాగానే బ్యాగ్ పడేసి బాత్రూమ్‌కి పరుగు. చదువంటే ఇష్టం పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ తల్లి

మీరు మాటవరసకు రాసిన ఆ బాటిల్ దగ్గరే నేను ఆగిపోయాను. నీళ్లు తాగదు, ఆడదు, ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగు. ఈ మూడూ కలిపి చూస్తే, మీ పాపకు పేచీ చదువుతో కాదు, స్కూలు బాత్రూమ్‌తోనేమోనని నా అనుమానం.

ఏడేళ్ల పిల్ల మూత్రాశయంలో పట్టేది సుమారు పావు లీటరు. సాయంత్రం దాకా బిగబట్టుకోవాలంటే నీళ్లు మానేయడమే తనకు తెలిసిన ఉపాయం. పరిగెడితే ఆగదని ఆట కూడా మానేస్తుంది. నీళ్లు తగ్గి, దొడ్డికి వచ్చినా ఆపుకుంటూ ఉంటే మలబద్ధకం వస్తుంది. పిల్లల కడుపునొప్పికి అది చాలా మామూలు కారణం. దానికి రేపటి భయం తోడైతే యూనిఫాం చూడగానే కడుపులో దేవినట్టవుతుంది. కాబట్టి అది నాటకం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. ఆదివారం ఇంటి బాత్రూమ్ పక్కనే ఉంటుంది కనుక ఆ రోజు భయం లేదు. ఈ మాట మీవారితో చదివించండి.

ఇలాంటి పిల్లలు తక్కువేం కాదు. 1958లో ఇంగ్లండ్‌లో ఏప్లీ, నేయిష్ అనే ఇద్దరు డాక్టర్లు వెయ్యిమంది స్కూలు పిల్లల్ని పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి మళ్లీ మళ్లీ కడుపునొప్పి వస్తోందని తేలింది. చాలామందిలో శరీరంలో పెద్ద జబ్బేమీ కనిపించలేదు.

నా దగ్గరికి వచ్చిన ఓ బాబు అసలు కారణం చెప్పడానికి మూడు వారాలు పట్టింది. తలుపు గడియ! చేతికి సరిగా అందదు, అందినా బిగుసుకుపోతుంది. ఒకరోజు లోపలే ఇరుక్కుపోయి, బయట ఎవరో నవ్వుతుంటే విన్నాడట. అప్పట్నుంచి అటు వెళ్తే ఒట్టు. పెద్దలం మార్కుల గురించి, హోంవర్క్ గురించి అడిగాం గానీ, గడియ గురించి ఎవరికి తడుతుంది?

అందుకే ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైంది’ అని అడగకండి. ఆ వయసుకు అది చాలా పెద్ద ప్రశ్న. ఓ కాగితం మీద స్కూలు బొమ్మ వేయమనండి. గేటు, క్లాసు, గ్రౌండ్, బాత్రూమ్, అన్నీ. ఇష్టమైన చోటికి ఒక రంగు, ఇష్టం లేని చోటికి ఇంకో రంగు. మర్నాడు తల దువ్వుతూ ఒక్క చిన్న ప్రశ్న అడగండి. గడియ పడుతుందా? మధ్యలో వెళ్తానంటే టీచర్ ఏమంటారు? తలుపు ఎవరైనా బాదుతారా? నా అనుమానం తప్పయితే రంగు ఇంకెక్కడో పడుతుంది, అప్పుడు అటు వెతకండి. అక్కడ ఎవరైనా ఇబ్బంది పెట్టారని చెబితే మాత్రం మారుమాటాడకుండా నమ్మండి, అదే రోజు హెడ్మాస్టర్ని కలవండి.

టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఆ బాత్రూమ్‌ని మీ కళ్లతో చూసి రండి. అందరి ముందూ అడగక్కర్లేకుండా ఒక సైగ పెట్టుకోవడం, ఇంటర్వెల్ రద్దీ తగ్గాక ఓ స్నేహితురాలితో పంపడం లాంటివి టీచర్‌కి పెద్ద కష్టమేం కాదు. ఇంట్లో టిఫిన్ అయ్యాక పది నిమిషాలు తీరిగ్గా టాయిలెట్‌లో కూర్చోనివ్వండి. తిన్న వెంటనే పేగుల్లో కదలిక పెరుగుతుంది.

డాక్టర్ దగ్గరికి ఇంకోసారి వెళ్లి, ఈ ఆపుకోవడం సంగతి చెప్పండి. మొదటిసారి చెప్పి ఉండరు. మూత్రపరీక్ష అవసరమేమో ఆయన చూస్తారు. మూత్రంలో మంట, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి.

ఇంట్లో ఉంచేయడం మాత్రం ఆపండి. మానేసిన ప్రతి రోజూ మర్నాటి భయాన్ని పెంచుతుంది. ‘నొప్పిగా ఉందని తెలుసు, టీచర్‌తో మాట్లాడాను, వెళ్దాం’ అని చెప్పి బయల్దేరదీయండి. మొదటి వారం ఏడుపులుంటాయి.

బాటిల్ ఖాళీ చేయలేదని తిట్టకండి. రోజూ సాయంత్రం ఎత్తి చూసుకోండి, చాలు. సగానికి తగ్గిన రోజున కూడా ఏమీ అనకుండా కడిగి బోర్లించేయండి.