సీలింగ్ పట్టీల అంచులకు 24,000 రూపాయలా? ముందు టేపు పట్టి కొలవండి

ప్రశ్న: గుంటూరులో మాకు సొంత ఫ్లాట్ ఉంది. హాల్లో (16 x 12 అడుగులు) ఫాల్స్ సీలింగ్ చుట్టూ లామినేట్ అంటించిన ప్లైవుడ్ బోర్డర్ పట్టీ, మధ్యలో 8 అడుగుల రాఫ్టర్లు (అలంకరణకు బిగించిన పొడవాటి పట్టీలు) తొమ్మిది ఉన్నాయి. బెడ్‌రూమ్‌లో (12 x 11) బోర్డర్ ఒక్కటే. పట్టీలన్నీ నాలుగు అంగుళాల వెడల్పు. అంచులు అలాగే వదిలేయడంతో కింది నుంచి ప్లై పొరలు కనిపిస్తున్నాయి. ఎడ్జ్ బ్యాండింగ్‌కు, అంటే ఆ అంచులకు సన్నని పీవీసీ టేపు అంటించడానికి, కాంట్రాక్టర్ 24,000 అడుగుతున్నాడు, బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనమట. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ వస్తుంది, వడ్డీ 16 శాతం, ప్రాసెసింగ్ ఫీజు 299. షాపులో టేపు మీటరు 14 రూపాయలన్నారు. తెలిసిన కార్పెంటర్ రోజుకు 1,300, హెల్పర్ 700 అడుగుతారు. నెలకు 6,000 మిగులుతుంది. అత్యవసరానికి దాచిన ఎఫ్‌డీ 1,20,000 ఉంది. ఈఎంఐ పెట్టాలా, ఎఫ్‌డీ తీయాలా, లేక మేమే అంటించుకోవాలా?

జవాబు: ఈఎంఐయా, ఎఫ్‌డీయా అన్నది తర్వాత చూద్దాం. ఆ 24,000 ఎన్ని అడుగుల పనికో కాంట్రాక్టర్ చెప్పలేదు, మీరూ అడగలేదు. ఈ పని రన్నింగ్ ఫీట్ లెక్కన, అంటే అంచు పొడవు ఎన్ని అడుగులో ఆ లెక్కన నడుస్తుంది, గదుల లెక్కన కాదు.

మీరిచ్చిన కొలతలతో లెక్క కడదాం. హాలు బోర్డర్ చుట్టుకొలత 56 అడుగులు, బెడ్‌రూమ్‌ది 46. (లోపలి అంచు నిజానికి ఒక్కో గదికి రెండున్నర అడుగులకు పైనే తక్కువ వస్తుంది, అది వదిలేద్దాం.) రాఫ్టర్‌కు రెండు పక్కలా అంచులు కనిపిస్తాయి కాబట్టి తొమ్మిదింటికి 144 అడుగులు, వాటి కొసలకు మరో 6. మొత్తం 252 అడుగులు. అంటే కాంట్రాక్టర్ అడిగింది అడుగుకు 95 రూపాయలు. బోర్డర్‌లో గోడకు ఆనుకున్న అంచు ఎవరికీ కనిపించదు, దానికి టేపు అక్కర్లేదు. ఆ అంచు కూడా కలిపితే కొలత 354 అడుగులవుతుంది. అతను దేన్ని కొలిచాడో ముందు అడగండి.

252 అడుగులంటే దాదాపు 77 మీటర్లు. మూలలు, కోతల్లో పోయేదానికి పది శాతం కలిపి 85 అవుతుంది, 90 తీసుకోండి: 1,260 రూపాయలు. రబ్బరు జిగురు లీటరు డబ్బాకు 500 అనుకుందాం. బ్రష్షు, సాండ్‌పేపర్, మాస్కింగ్ టేపు, లప్పం, ఆకురాయి కలిపి 1,000. సామాను మొత్తం 2,760. కార్పెంటర్, హెల్పర్ రెండు రోజులు చేస్తే 4,000, మూడో రోజు పడితే 6,000. పని 6,760 నుంచి 8,760 లోపు తేలిపోతుంది.

ఇప్పుడు ఈఎంఐ సంగతి. జీఎస్టీతో 28,320 అవుతుంది. 16 శాతంతో 12 నెలలకు కిస్తీ సుమారు 2,570, వడ్డీ 2,514. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 453, ప్రాసెసింగ్ ఫీజు, దాని జీఎస్టీ కలిపి 353. చివరికి మీ చేతి నుంచి పోయేది 31,640. ‘జీరో కాస్ట్’ (వడ్డీ లేని) ఈఎంఐ అని చూపించినా వడ్డీ ఎక్కడికీ పోదు. ధరలో ముందే కలిపి ఉంటుంది, లేదా మీకు రావలసిన డిస్కౌంట్‌లోంచి కోసి ఉంటుంది. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తావని అడిగితే అది బయటపడుతుంది. ఒక్క నెల కిస్తీ గడువు దాటి కార్డు బకాయి నిలబడిందా, చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడు శాతం పైమాటే.

ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. ఈ నెల మిగులుతో సామాను కొనండి, కూలికి వచ్చే నెల మిగులు చాలు. మూడో రోజు పడినా 12,000లో సరిపోతుంది. అంచులు నెల రోజులు ఆగినా కొంపేమీ మునగదు.

మీరే అంటించుకోవాలా అన్నదానికి నా లెక్క ఇది. 28,000 నుంచి 7,000కు దిగడంలోనే అసలు లాభమంతా ఉంది. ఆ 7,000లో మరో రెండు వేలు మిగుల్చుకోవాలని నిచ్చెన మీద తల వెనక్కి వాల్చి, కంట్లో జిగురు పడేలా పని చేయడం లాభం కాదు. రాఫ్టర్లు స్క్రూలతో బిగించి ఉంటే కార్పెంటర్‌తో దింపించి, నేల మీద మీరు అంటించవచ్చు. జిగురుతో, పిన్నులతో బిగించి ఉంటే దింపొద్దు, జిప్సం బోర్డు పెచ్చులూడుతుంది. దాని మరమ్మతుకు మిగిలిన రెండు వేలూ చాలవు. బోర్డర్ మాత్రం కార్పెంటర్‌కే వదలండి.

టేపు కొనేటప్పుడు మందం చూడండి. 2 మి.మీ. టేపు అల్మారా తలుపులకు, డ్రాయర్లకు, అంటే చేతులూ గిన్నెలూ తగిలే చోటికి. సీలింగ్‌ను ఎవరూ ముట్టుకోరు, 0.8 మి.మీ. చాలు. కాంట్రాక్టర్ కొటేషన్‌లో 2 మి.మీ. రాసి ఉంటే ధర పెరగడానికి అదొక కారణం. 18 మి.మీ. ప్లై మీద లామినేట్ కలిస్తే 19 దాటుతుంది కాబట్టి 22 మి.మీ. వెడల్పు టేపు తీసుకోండి, మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్లు చెక్కేయడానికి. లామినేట్ ముక్క ఒకటి షాపుకు పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూసి రంగు ఎంచితే తేడా వస్తుంది.

పీవీసీ టేపుకు మామూలు తెల్ల ఫెవికాల్ పట్టదు, రబ్బరు జిగురే కావాలి. అంచును సాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడవండి. ప్లై పొరల మధ్య సందులుంటే లప్పంతో నింపి ఆరనివ్వండి. ఏమీ అంటించని ప్లై అంచు జిగురును పీల్చేస్తుంది కాబట్టి దానికి రెండు కోట్లు, టేపు వెనక ఒకటి. ఆ తర్వాతే అందరూ తొందరపడతారు. పది పదిహేను నిమిషాలు ఆగి వేలితో తాకండి: వేలికి జిగురు అంటకూడదు. తడిగా ఉండగానే అతికిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక, వారం తిరక్కుండా టేపు బుడగలు కట్టి కొసల దగ్గర లేస్తుంది. వానాకాలంలో ఇంకాస్త ఆగాలి. ఒకసారి తగిలాక ఈ జిగురు కదలనివ్వదు కాబట్టి ఒక కొస నుంచి కొద్దికొద్దిగా ఆనిస్తూ రండి. వెంటనే గుడ్డ చుట్టిన చెక్క ముక్కతో గట్టిగా రుద్దండి. మిగులును ఉలితో లోపలివైపుకు చెక్కాలి. బయటికి లాగితే టేపు పైకి లేస్తుంది, ఎదురు కోస్తే లామినేట్ పెచ్చు ఎగురుతుంది. చివర ఆకురాయి, సన్న సాండ్‌పేపర్.

ఈ జిగురు ఆవిరికి మంట అంటుకుంటుంది. కిటికీలు తీసి ఉంచండి, పని జరిగే గంటల్లో దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, వంటింట్లో స్టవ్వు ఏదీ వెలిగించొద్దు. సీలింగ్ లైట్ల ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపేయండి. బోర్డర్ లోపల ఎల్ఈడీ స్ట్రిప్ ఉంటే దాన్ని అంచుకు ఆనించకుండా కొంచెం దూరంగా అమర్చమనండి, రోజూ వేడి తగిలే చోట జిగురు పట్టు సడలుతుంది. పై ఫ్లాట్ నుంచి చెమ్మ దిగుతుంటే ముందు అది ఆపించండి. తడిసిన ప్లై మీద ఏ జిగురూ నిలవదు.

ఇవన్నీ మాకెందుకు, కాంట్రాక్టరే చేయాలి అనుకుంటే అడుగు ధర మీద బేరమాడండి, 24,000 మీద కాదు. 252 అడుగులు, 0.8 మి.మీ. టేపు అని కాగితం మీద రాయించుకోండి. 18 శాతం వసూలు చేస్తే బిల్లు మీద అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబరు ఉండాలి. రిజిస్ట్రేషన్ లేనివారికి జీఎస్టీ వసూలు చేసే హక్కు లేదు. అడ్వాన్సు సామాను ఖర్చుకు మించి ఇవ్వొద్దు. చివరి 10 శాతం పని పూర్తయిన 15 రోజులకు, మూలల దగ్గర గోటితో గీరి చూశాకే ఇవ్వండి. టేపు లేచేది మొదట అక్కడే.